పసిబిడ్డ రాత్రంతా పడుకోవాలా?

2025 అక్టోబరు మొదటి వారంలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా నుంచి వరుసగా పసిపిల్లల మరణవార్తలు వచ్చాయి. కోల్డ్‌రిఫ్ అనే దగ్గు సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషరసాయనం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. 20 మందికి పైగా పిల్లలు కిడ్నీలు చెడిపోయి ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని, ఇవ్వొద్దని అక్టోబరు 3న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ రాష్ట్రాలకు సూచించింది. ఐదేళ్లలోపు వారికీ సాధారణంగా ఇవి అవసరం లేదని చెప్పింది. ఆ వెంటనే తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం కూడా ఆ బ్యాచ్ సిరప్ వాడకం ఆపేయాలని హెచ్చరించింది.

ఆ రోజుల్లో టీవీ చర్చలన్నీ కల్తీ గురించీ, కంపెనీ గురించీ, లైసెన్సు ఇచ్చిన అధికారుల గురించీ నడిచాయి. అవన్నీ మాట్లాడాల్సినవే. కానీ ఒక సంగతి పక్కకు పోయింది. మన ఇళ్లలో ఈ జలుబు సిరప్‌ను జలుబుకే వాడుతున్నామా? అందులో క్లోర్‌ఫెనిరమైన్ అనే మందు ఉంటుంది. ముక్కు కారడం తగ్గించడానికి వేస్తారు గానీ, దానితో మత్తు కూడా వస్తుంది. ‘రెండు చుక్కలేస్తే పొద్దుగాల దాకా లేవడు’ అన్న మాట గద్వాలలోనో వనపర్తిలోనో పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వినిపించేదే. సిరప్‌లో కల్తీ లేకపోయినా ఆ రెండు చుక్కలు ప్రమాదమే. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందులను నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని సీసా మీదే ముద్రించాలని 2023 డిసెంబరులోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. అంటే ఛింద్వాడా ఘటనకు దాదాపు రెండేళ్ల ముందే.

ఆదేశం కంపెనీలకు చేరింది, డాక్టర్లకు చేరింది. ఇంట్లో గూట్లో ఉన్న సీసా దాకా మాత్రం చేరలేదు. పెద్దవాడికి దగ్గొచ్చినప్పుడు కొన్నది, సగం మిగిలింది, నెలల బిడ్డ రాత్రి రెండింటికి ఏడుస్తుంటే చేతికి అందేది అదే. కాబట్టి సీసా గురించి మాట్లాడే ముందు ఆ రాత్రి రెండింటి ఏడుపు గురించి మాట్లాడుకోవాలి.

నిద్ర ఉంది, రాత్రి లేదు

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పిల్లల డాక్టరు దగ్గర తల్లిదండ్రుల మొదటి ఫిర్యాదు చాలాసార్లు ఇదే: ‘రాత్రిళ్లు పండుకుంటలేడు సార్’. పగలంతా హాయిగా పడుకుని, అందరూ పక్క ఎక్కే వేళకు కళ్లు తెరుస్తాడు. ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. మూడో వారానికల్లా బాలింత ముఖం పీక్కుపోతుంది. ఇది రోగం కాదు. అలాగని ఆ తల్లి కష్టం ఊహించుకున్నదేమీ కాదు.

పుట్టిన బిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు పడుకుంటాడని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి. నిద్రకు కొదువ లేదన్నమాట. కాకపోతే అది ముక్కలు ముక్కలుగా ఉంటుంది. మనకు చీకటి పడితే మెదడులో మెలటోనిన్ అనే హార్మోను ఊరి, నిద్ర వేళైందని చెబుతుంది. పసిబిడ్డలో ఆ గడియారం ఇంకా తిరగడం మొదలుపెట్టదు. రెండు, మూడు నెలల వయసులో మెల్లగా కుదురుతుంది. కడుపులో ఉన్నంతకాలం తల్లి గడియారమే బిడ్డ గడియారం. బయటికొచ్చాక సొంతది తయారు చేసుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా రాత్రి తల్లిపాలలో మెలటోనిన్ ఉండటం ప్రకృతి చేసిన ఏర్పాటు. పగటి పాలలో అది దాదాపు ఉండదు.

రెండో కారణం పొట్ట. పసిబిడ్డ పొట్ట చిన్నది, తల్లిపాలు తేలిగ్గా అరిగిపోతాయి. అందుకే రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు కావాలి. లెక్క వేసుకోండి, సగటున రెండు మూడు గంటలకోసారి. అందులో మూడు నాలుగు సార్లు రాత్రే పడతాయి. పాలు తయారవడానికి అవసరమైన ప్రొలాక్టిన్ హార్మోను రాత్రిపూటే ఎక్కువగా విడుదలవుతుంది. రాత్రి పాలివ్వడం మానేస్తే పగటి పాలు కూడా తగ్గుతాయి. బిడ్డ నిద్రలో సగం కలల నిద్రే. అందులో మూలుగుతాడు, కాళ్లు కొడతాడు, నవ్వుతాడు, ముఖం చిట్లిస్తాడు. ఆ చప్పుడుకు లేచి వెంటనే ఎత్తుకుంటే నిద్రపోతున్న బిడ్డను మనమే లేపినట్టు. ఒక్క నిమిషం చూడండి, నిజంగా లేచాడేమో.

మరి రాత్రంతా ఎప్పుడు పడుకుంటాడు? పక్కింటి పాప మూడో నెలకే పడుకుందని చెబుతారు. నిజమే కావచ్చు. కానీ కెనడాలో 6 నెలల పిల్లలను గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, నూటికి 38 మంది ఏకబిగిన ఆరు గంటలు పడుకోవడం లేదని తేలింది. ఏడాది నిండినా నూటికి 28 మందిది అదే తీరు. ఆ పిల్లల ఎదుగుదలలో తేడా ఏమీ కనిపించలేదు. మూడు నెలలు నిండేసరికి రాత్రి ఒక విడతలో నాలుగైదు గంటల కునుకు దొరికితే అదృష్టమే. నెల బిడ్డ నుంచి ఎనిమిది గంటలు ఆశించడం మాత్రం అన్యాయం.

ఏడవని బిడ్డ గురించే ముందు అడగాలి

ఈ మూడు జిల్లాలకు సంబంధించి అసలు చెప్పాల్సిన మాట ఇది. మొదటి నెలలో భయపడాల్సింది రాత్రి లేచి ఏడ్చే బిడ్డ గురించి కాదు. లేవకుండా పడుకునే బిడ్డ గురించి.

గర్భిణుల్లో రక్తహీనత ఎక్కువగా ఉన్న 9 జిల్లాలను ఎంచుకుని 2022 డిసెంబరు 21న అప్పటి ప్రభుత్వం న్యూట్రిషన్ కిట్ పథకం ప్రారంభించింది. ఆ తొమ్మిదిలో జోగులాంబ గద్వాల, నాగర్‌కర్నూల్ ఉన్నాయి. తర్వాతి ఏడాది వనపర్తి సహా మిగతా జిల్లాలకూ విస్తరించారు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఇది కూలి పనికి పోయే ఇళ్ల సమస్యే అనుకోవద్దు. టీచర్ల ఇళ్లలో, వ్యాపారుల ఇళ్లలో కూడా అందరికీ వడ్డించి చివర్లో తినే ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ తక్కువే ఉంటుంది. రక్తహీనత తీవ్రంగా ఉన్న తల్లికి నెలలు నిండకముందే కాన్పయ్యే ప్రమాదం, బిడ్డ బరువు తక్కువగా ఉండే ప్రమాదం ఎక్కువ.

రెండున్నర కిలోల లోపు పుట్టిన బిడ్డ, 37 వారాల కన్నా ముందు పుట్టిన బిడ్డ ఆకలికి సరిగా లేవలేరు. లేచినా పాలు గట్టిగా చప్పరించలేరు. రెండు నిమిషాలు తాగి అలసిపోయి మళ్లీ కళ్లు మూస్తారు. తాగక నీరసం, నీరసం వల్ల నిద్ర, నిద్ర వల్ల మళ్లీ తాగకపోవడం. బయటినుంచి చూసేవారికి మాత్రం ‘ఎంత బుద్ధిమంతుడు, అసలు సతాయించడు’ అనిపిస్తుంది. పచ్చకామెర్లు పెరుగుతున్న బిడ్డ కూడా ఇలాగే మత్తుగా పడుకుంటాడు. రక్తంలో చక్కెర పడిపోయినా, ఇన్ఫెక్షన్ సోకినా అంతే.

అందుకే పుట్టినప్పటి బరువును తిరిగి అందుకునే దాకా, అంటే దాదాపు రెండు వారాల దాకా, మూడు గంటలు దాటితే బిడ్డను మనమే లేపి పాలు పట్టాలి. బక్కగా పుట్టిన బిడ్డకైతే రెండు గంటలకే. దుప్పటి తీసి, లంగోటి మార్చి, అరికాలు రుద్దితే లేస్తాడు. ఎంత కదిపినా లేవకపోతే, లేచినా రొమ్ము పట్టకపోతే తెల్లారే దాకా ఆగొద్దు. ఒళ్లు చల్లబడటం, లేదా 37.5 డిగ్రీల సెల్సియస్ దాటి కాలిపోవడం, నిమిషానికి 60 సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీయడం, డొక్కలు ఎగరేయడం, ఫిట్స్, అరచేతులూ అరికాళ్లూ పచ్చబడటం... వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయాల్సిందే. పాలు సరిపోతున్నాయో లేదో మూత్రమే చెబుతుంది. మొదటి వారం దాటాక రోజుకు కనీసం ఆరుసార్లు పోస్తే, బరువు పెరుగుతుంటే, రాత్రి ఎన్నిసార్లు లేచినా దిగులు అక్కర్లేదు.

కుట్ల నొప్పీ, డబ్బా పాలూ

రాష్ట్రంలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఇది గొప్ప విజయం. అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. నూటికి 60 మందికి పైగా సిజేరియన్లే, ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 80 దాటింది. పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన పిల్లలు మాత్రం నూటికి 37 మందే. ఈ రెండంకెలకూ మన నిద్ర సంగతికీ సంబంధం ఉంది.

పొట్ట మీద కుట్లున్న తల్లికి రాత్రి లేచి కూర్చుని పాలివ్వడం నరకం. మొదటి రెండు రోజులూ బిడ్డ వేరే గదిలో, తల్లి వేరే మంచం మీద. పాలు పడటం ఆలస్యమవుతుంది. ఇంటికొచ్చాక రాత్రి బిడ్డ ఏడిస్తే ఇంటి పెద్దావిడ అనే మాట: ‘పాలు సాల్తలేవు బిడ్డా, ఓ డబ్బా తెప్పియ్యి, కడుపునిండా తాగి పండుకుంటడు’. ప్రేమతో చెప్పే మాటే. కానీ డబ్బా పాలు పట్టిన బిడ్డ రొమ్ము తక్కువ తాగుతాడు, రొమ్ము తక్కువ తాగితే పాలు తక్కువ ఊరతాయి. పది రోజుల్లో ‘పాలు సాల్తలేవు’ అన్నది నిజమైపోతుంది. పోనీ తల్లికైనా నిద్ర దక్కుతుందా అంటే, అదీ లేదు. తల్లిపాలిచ్చేవారు, డబ్బా పాలు పట్టేవారు, రెండూ ఇచ్చేవారి నిద్రను పోల్చి అమెరికాలో 2010లో ఒక అధ్యయనం వెలువడింది. తల్లుల నిద్ర సమయంలో తేడా ఏమీ తేలలేదు. నీళ్లు కాచి, సీసా కడిగి, పొడి కలిపే సమయం మనం లెక్కలోకి తీసుకోం.

డాక్టరు అవసరమని చెప్పిన బిడ్డకు డబ్బా పాలు పట్టడం తప్పేమీ కాదు, ఆ తల్లి ఏ నేరమూ చేయలేదు. నిద్ర కోసమే అయితే మాత్రం అది దండగ. పక్కకు తిరిగి పడుకుని పాలివ్వడం ఎలాగో ఆసుపత్రిలో ఉండగానే నర్సును అడిగి నేర్చుకుంటే అంతకన్నా పెద్ద సాయం ఇంకొకటి లేదు. ఇక్కడే ఇంకో జాగ్రత్త. సిజేరియన్ నొప్పికి ట్రమడాల్ లాంటి మాత్రలు సొంతంగా కొని వేసుకోవద్దు. అది పాలలోకి వెళ్లి బిడ్డను మత్తులోకి, ఊపిరి మందగించే స్థితిలోకి నెట్టగలదని 2017లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది. పారాసిటమాల్ లాంటి సురక్షితమైనవి ఉన్నాయి, డాక్టరునే అడగండి.

మత్తుకు ఎన్ని పేర్లో

బిడ్డను పడుకోబెట్టడానికి మత్తు వాడటం కొత్త కాదు. వందేళ్ల కిందట బొంబాయి మిల్లుల్లో పనిచేసే తల్లులు పనికి పోతూ పసివాళ్లకు నల్లమందు కలిసిన బాలగోళీలు వేసేవారు. ఇంగ్లండులోనూ ఫ్యాక్టరీలు వచ్చిన కాలంలో నల్లమందు సిరప్‌లే పిల్లల్ని జోకొట్టాయి. ఎక్కడైతే తల్లికి విశ్రాంతి, తోడు లేకుండా పోయాయో అక్కడ మత్తుమందు దూరింది. దాన్ని తల్లి అజ్ఞానం అనేసి వదిలేస్తే సరిపోదు.

ఇప్పుడు నల్లమందు లేదు. అరగదీసిన జాజికాయ ఉంది, గసగసాల పాలున్నాయి, వసకొమ్ము ఉంది, గ్రైప్ వాటర్ ఉంది, నాలుకకు తేనె రాయడం ఉంది. జాజికాయలో మత్తు కలిగించే నూనెలుంటాయి. పెద్దవాళ్లకే ఎక్కువైతే గుండె దడ, మైకం వస్తాయి, మూడు కిలోల బిడ్డకు ‘కొంచెం’ అంటే ఎంతో ఎవరు తూచి చెబుతారు? తేనెతో బోటులిజం అనే జబ్బు వచ్చి కండరాలు చచ్చుబడే ప్రమాదం ఉంది కాబట్టి ఏడాది లోపు వద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఇంకేదీ, ఎండాకాలంలో మంచినీళ్లు కూడా అక్కర్లేదు. డాక్టరు రాసిన చుక్కల మందులు వేరే సంగతి.

ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాల్సింది కల్లు గురించి. పాలు పడతాయని బాలింతకు కల్లు పోయడం పాలమూరులో పాత ఆచారం. చెట్టు మీది నుంచి దించిన కల్లులో కూడా ఆల్కహాల్ ఉంటుంది, అది పాలలోకి వస్తుంది, పాలు దిగడాన్ని పెంచకపోగా తగ్గిస్తుంది. ఇక దుకాణం కల్లు సంగతి వేరు. 2015లో నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లును అరికట్టినప్పుడు, అది దొరకక వందల మంది పిచ్చిచూపులతో, ఫిట్స్‌తో ఆసుపత్రుల పాలయ్యారు. అందులో కలిసేది ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు పదార్థాలని తెలిసిన విషయమే. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయినప్పుడూ ఆల్ప్రాజోలం పేరే మళ్లీ వినిపించింది. ఆల్ప్రాజోలం తల్లిపాల ద్వారా బిడ్డకు చేరుతుంది. ‘కల్లు తాగినకాడికెళ్లి పాలు మంచిగ పడ్డయి, పిల్లగాడు మంచిగ పండుకుంటుండు’ అని సంతోషించే ఇంట్లో ఆ నిద్ర ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించండి.

దిష్టి తీయడం సంగతి అడుగుతారు. ఉప్పు తిప్పి పారేస్తే నష్టమేమీ లేదు, ఇంటి పెద్దకు మనసు నెమ్మదిస్తుంది, అదీ ఒక లాభమే. ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేయడం, తలుపులు మూసి సాంబ్రాణి పొగ దట్టంగా పట్టడం మాత్రం బిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు. దోమల చుట్ట పొగ కూడా అంతే. 2017లో మొదలైన కేసీఆర్ కిట్‌లో దోమతెర ఉన్న చిన్న పరుపు ఇచ్చేవారు. చాలా ఇళ్లలో అది అటక మీద ఉంది. దించండి, ఇంతకన్నా మంచి దోమల మందు లేదు.

తొట్టెల, పక్క, ఎండ

21వ రోజు తొట్టెల వేయడం మన పండుగ. పేరు పెట్టి, పాటలు పాడి బిడ్డను ఊపుతాం. పట్నంలో ఇనుప స్టాండుకు కట్టిన తొట్టెల, పల్లెలో దూలానికి వేలాడే చీర. నడిగడ్డలో విత్తన పత్తి చేలల్లో చెట్టుకొమ్మకు కట్టిన చీర తొట్టెల ఇప్పటికీ కనిపిస్తుంది. ఊపితే బిడ్డ పడుకుంటాడు, కడుపులో ఉన్నప్పుడు అలవాటైన కదలికే అది. మెలకువగా ఎవరో ఒకరు పక్కన ఉన్నంతసేపు దాంతో ఇబ్బంది లేదు. రాత్రంతా అందులోనే పడుకోబెట్టడంతోనే చిక్కు. చీర మధ్యలో కుంగి బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుకుంటే ఊపిరి దారి నొక్కుకుపోతుంది. ఇది మన తొట్టెలను తక్కువ చేయడం కాదు. వాలుగా ఉండే ఖరీదైన పడకల్లో పిల్లలు చనిపోయారని అమెరికా 2022లో చట్టం చేసి, 10 డిగ్రీలకు మించి వాలు ఉండే వాటి అమ్మకాన్ని నిషేధించింది. అక్కడా ఇక్కడా సూత్రం ఒక్కటే: చదునైన, గట్టి పక్క మీద, వెల్లకిలా. అక్కడ 1994లో పిల్లలను వెల్లకిలా పడుకోబెట్టాలని ప్రచారం మొదలుపెట్టాక, నిద్రలో అకారణంగా జరిగే మరణాలు సగానికి పైగా తగ్గాయి. వెల్లకిలా ఉంటే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడతాయన్న భయం అందరిదీ. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ తల పక్కకు తిప్పుకుంటాడు, మింగుతాడు. పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు రప్పిస్తే చాలు.

మన ఇళ్లలో బిడ్డ తల్లి పక్కనే పడుకుంటాడు. దీన్ని పాశ్చాత్య పుస్తకాలు చూసి మానేయమనడం ఆచరణలో కుదరదు, ఒకే గదిలో ఉండటం మంచిదే కూడా. తల్లి మంచం పక్కనే వేరే చిన్న పరుపు అన్నింటికన్నా సురక్షితం. ఒకే పక్క అయితే మెత్తటి దూది పరుపు, దిండ్లు, బరువైన దుప్పటి బిడ్డ దగ్గర ఉండొద్దు. మద్యం లేదా కల్లు తాగినవారు, పొగ తాగేవారు, నిద్రమాత్ర వేసుకున్నవారు ఆ పక్క ఎక్కొద్దు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను వేరే పరుపు మీదే ఉంచాలి. సోఫాలోనో కుర్చీలోనో బిడ్డను ఒళ్లో పెట్టుకుని నిద్రలోకి జారుకోవడం అన్నింటికన్నా ప్రమాదం.

ఇక ఎండ. ఏప్రిల్, మేలో ఇక్కడ 40 డిగ్రీలు దాటుతుంది, డాబా ఇల్లు రాత్రి పన్నెండు దాకా సెగలు కక్కుతుంది. అయినా బాలింత గది కిటికీలు మూసి, బిడ్డకు టోపీ, సాక్సులు, గుడ్డ చుట్టి పెడతాం. ఉడికిపోయిన బిడ్డ ఏడవక ఏం చేస్తాడు? మెడ వెనక చేయి పెట్టి చూడండి. చెమటగా ఉంటే ఒక బట్ట తీసేయండి. ఫ్యాను వేయొచ్చు, కూలర్ గాలి నేరుగా తగలకుండా చూస్తే చాలు. డిసెంబరులో మాత్రం పొద్దున్నే స్నానం పోసి వణికించొద్దు.

గడియారం కుదరడానికి మందు లేదు, వెలుతురు ఉంది. పగలు కిటికీలు తెరిచి, ఇంటి చప్పుళ్ల మధ్యే పడుకోనివ్వండి. మిక్సీ ఆపక్కర్లేదు. రాత్రి చిన్న లైటు చాలు. పాలివ్వండి, తేన్పు రప్పించండి, మాటలు, ఆటలు వద్దు, ఫోను వెలుగు అసలే వద్దు. మలం పోతే తప్ప లంగోటి మార్చే హడావుడి కూడా అవసరం లేదు. ఆరేడు వారాల నుంచి ఫలితం కనబడుతుంది. సాయంత్రం పూట కారణం లేని ఏడుపు ఆరో వారం దగ్గర ఎక్కువై, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. ఆ ఏడుపుకు విసిగి బిడ్డను కుదపడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు, మెదడులో రక్తం చిమ్ముతుంది. చేయి తిరిగినట్టనిపిస్తే బిడ్డను పక్క మీద పడుకోబెట్టి రెండు నిమిషాలు బయటికి వెళ్లండి.

ఐదో నెలలో అసలు పరీక్ష

మన పద్ధతిలో మొదటి కాన్పు పుట్టింట్లో. ఇందులో పెద్దల తెలివి ఉంది: రాత్రి బిడ్డను ఎత్తుకోవడానికి అమ్మమ్మ ఉంటుంది, పగలు బాలింత పడుకోవడానికి వీలుంటుంది. విదేశాల్లో డబ్బులిచ్చి పెట్టుకునే సాయం ఇక్కడ చుట్టరికంతో దొరుకుతుంది. కానీ ఈ ఏర్పాటులో తండ్రి కనబడడు. హైదరాబాద్‌లో ఉద్యోగం, ఆదివారం వచ్చి బిడ్డను చూసి, ఫొటోలు తీసుకుని సాయంత్రం బస్సెక్కుతాడు. మూడో నెలో ఐదో నెలో చూసి తల్లీబిడ్డల్ని అత్తారింటికి, అక్కడి నుంచి పట్నంలోని ఫ్లాటుకు పంపుతారు. అప్పుడే కుదురుతున్న బిడ్డ నిద్ర కొత్త గది, కొత్త చప్పుళ్లతో చెదురుతుంది. అమ్మమ్మ ఉండదు. తండ్రికి రాత్రి బిడ్డను ఎలా ఎత్తుకోవాలో కూడా తెలియదు. ప్రసూతి సెలవు 26 వారాలే, ఆఫీసు నుంచి మెయిళ్లు మొదలవుతాయి. ఫోనులో ‘ఏడు రోజుల్లో రాత్రంతా నిద్ర’ అని కోర్సులు అమ్మే వీడియోలు కనబడేది ఈ సమయంలోనే. ఏడ్చినా వెళ్లకుండా ఉంటే అలవాటు పడతాడని చెప్పే ఆ పద్ధతులు ఆరు నెలలలోపు బిడ్డకు పనికిరావు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవు ఉంది, ప్రైవేటు ఉద్యోగికి చట్టప్రకారం ఏమీ లేదు. ఉన్న కొద్ది సెలవునూ చాలామంది ఆసుపత్రి రోజులకే వాడేస్తారు. నా అభిప్రాయం, సగమైనా ఈ ఐదో నెలకు దాచుకోండి. పాలివ్వడం తప్ప మిగతావన్నీ తండ్రి చేయగలిగినవే: తేన్పు రప్పించడం, లంగోటి మార్చడం, భుజాన వేసుకుని తిరగడం. రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా బిడ్డ బాధ్యత ఆయనది, ఆ తర్వాత ఆమెది అని పంచుకున్నా తల్లికి ఒక విడత గాఢనిద్ర దక్కుతుంది. అదొక్కటే ఆమెను నిలబెడుతుంది.

ఇది సౌఖ్యం కోసం చెబుతున్నది కాదు. మన దేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి చూసి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, కాన్పు తర్వాత కుంగుబాటుకు లోనయ్యే తల్లులు నూటికి 22 మంది. బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోవడం, కారణం లేకుండా కన్నీళ్లు, బిడ్డ మీద మనసు పోకపోవడం రెండు వారాలు దాటి ఉంటే దాన్ని ‘బాలింత చికాకు’ అని కొట్టిపారేయొద్దు. 14416 టెలీమానస్ నంబరుకు తెలుగులో మాట్లాడొచ్చు.

తలుపు తడితే తీయండి

ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డ ఇంటికి ఆశ కార్యకర్త ఆరుసార్లు రావాలి: 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో. బరువు తూచి, జ్వరం చూసి, పాలు పట్టే తీరు చూసి, ప్రమాద సూచనలు చెప్పడం ఆమె పని. 2011 నుంచి ఈ కార్యక్రమం ఉంది. పట్టణాల్లో మధ్యతరగతి ఇళ్లకు వచ్చేసరికి ఇది బలహీనపడుతుంది. ‘మేం ప్రైవేటుల చూపిస్తున్నం’ అని గుమ్మం దగ్గరే పంపేస్తాం. ఆ ప్రైవేటు డాక్టరు బిడ్డను చూసేది టీకా రోజున, ఐదు నిమిషాలు. పదో రోజు రాత్రి బిడ్డ పాలు తాగకుండా పడుకుంటున్నాడని గుర్తుపట్టే అవకాశం ఉన్నది ఆ ఆశమ్మకే.

నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఒకప్పుడు బిడ్డకు బాగాలేకపోతే మహబూబ్‌నగర్‌కో కర్నూలుకో పరుగెత్తిన ప్రాంతానికి ఇది చిన్న మార్పు కాదు. డిశ్చార్జి రోజున బిల్లు, మందుల చీటీతో పాటు పది నిమిషాలు కూర్చోబెట్టి రాత్రి పాలు, నిద్ర, పక్క గురించి తల్లికీ, తండ్రికీ, అమ్మమ్మకూ కలిపి చెప్పే ఏర్పాటు ఈ కళాశాలల ఆసుపత్రులు మొదలుపెడితే ప్రైవేటు వాళ్లూ అనుసరిస్తారు. దీనికి నిధులు కూడా పెద్దగా అక్కర్లేదు. మందుల షాపుల మీద నిఘా సంగతి ఔషధ నియంత్రణ విభాగం చూసుకోవాలి. చీటీ లేకుండా పసిపిల్లల సిరప్ అమ్మొద్దన్న నిబంధన ఛింద్వాడా వార్తలు చల్లారాక కూడా గట్టిగా అమలు చేయాలి.

అప్పటిదాకా మీ ఇంట్లో చేయగలిగింది, ఈ ఆదివారం గూట్లో ఉన్న పాత సిరప్ సీసాలు బయటికి తీయడం. మూత తీసిన తేదీ గుర్తులేనివి, పెద్దపిల్లలకు రాసినవి, నిద్ర కోసం దాచినవి పారేయండి. మాతా శిశు సంరక్షణ కార్డు మీద ఆశ కార్యకర్త ఫోన్ నంబరు లేకపోతే అడిగి రాయించుకోండి.